తోడు కుర్చీ

పోయిన వారం కథ ఆపేటప్పుడు మా అక్కను మేనేజరు గది గుమ్మం ముందు నిలబెట్టి, చేతిలో సంచీతో సహా అక్కడే వదిలేశాను. మీలో కొందరు నన్ను తిట్టుకునే ఉంటారు. ఫరవాలేదు, కొంచెం మిగుల్చుకోండి. ఈ వారం చివరికి వచ్చేసరికి నన్ను తిట్టడానికి ఇంతకంటే మంచి కారణం దొరుకుతుంది.

సంగతి మరిచిపోయినవాళ్ల కోసం నాలుగు ముక్కల్లో చెబుతాను. అక్క అంటే నా పెద్ద తోటికోడలు. పై వాటాలో వాళ్లుంటారు, కింది వాటాలో మేముంటాం. ఇద్దరం పనిచేసేది ఒకే డ్రైక్లీనింగ్ కార్ఖానాలో. ఆవిడ ఇరవై రెండేళ్లుగా మరకలు తీసే బల్ల దగ్గర ఉంది. నేను ఇస్త్రీ బల్ల దగ్గర చేరి మూడేళ్లు, అదీ ఆవిడ చెప్పి పెట్టిస్తేనే. కార్ఖానాలో ఆవిడను మరకలమ్మ అంటారు. నన్ను వాగుడుకాయ అంటారు. ఆ పేరు పెట్టింది కూడా ఆవిడే.

సోమవారం పొద్దున ఒక పెద్దమనిషి మీగడ రంగు కోటు పట్టుకుని వచ్చి, దీనికి ఉండాల్సిన ముత్యపుచిప్ప గుండీలు ఎనిమిదీ ఏమయ్యాయని నిలదీశాడు. మధ్యాహ్నానికి ఆ ఎనిమిదీ అక్క లాకర్‌లో, ఏప్రన్ జేబులో దొరికాయి. సాయంత్రానికి మేనేజరు ఆవిడ ముందు టైపు చేసిన కాగితం పెట్టాడు. గుండీలు నేనే దొంగిలించాను, నా ఇష్టప్రకారమే ఉద్యోగం మానేస్తున్నాను అని అందులో ఉంది. పెన్ను మూత కూడా తీసి ఇచ్చాడు, పోలీసుల దాకా పోకుండా కాపాడుతున్నానన్నాడు. నోట్లో నాలుక లేదని మేమందరం అనుకునే మా అక్క ఆ పెన్నుకు మూత పెట్టి తిరిగి ఇచ్చేసింది. నా మీద మోపింది ఏమిటో రాసివ్వండి, జవాబుకు మూడు రోజులు ఇవ్వండి, నాకు తోడుగా ఒకరిని కూర్చోనివ్వండి అని మూడే మాటలు అడిగింది.

ఈ మూడూ ఆవిడ సొంత కవిత్వం కాదు. మా కార్ఖానాలో హాజరు కొట్టే యంత్రం పక్కన మేకుకు ఒక పుస్తకం వేలాడుతూ ఉంటుంది, పనినియమాల పుస్తకం. దాని మీద ఈగలు వాలడం చూశాను గానీ మనిషి చెయ్యి పడటం చూడలేదు. అక్క మాత్రం ఇరవై రెండేళ్లు హాజరు వరుసలో నిలబడినప్పుడల్లా ఒక్కో పేజీ చొప్పున చదివేసిందట. నాకు సోమవారం దాకా ఆ సంగతే తెలీదు. ఆ రోజు నుంచి రెండు సాయంత్రాలు కూర్చుని నేనూ బట్టీ పట్టాను. మరి తోడు నేనే కదా.

గురువారం పదింటికి విచారణ. గది చిన్నది. బల్లకు అవతల మేనేజరు. చేతిలో గడియారం పట్టుకుని ఎవరు కోటు ఎన్ని నిమిషాల్లో ఇస్త్రీ చేస్తున్నారో లెక్కపెట్టే మనిషి కాబట్టి మేం స్టాప్‌వాచి అంటాం, వినబడకుండా. ఆయన పక్కన విచారణ రాసుకునే ఆఫీసు ఆవిడ. ఇవతల కుర్చీ ఒక్కటే ఉంది.

తోడు వచ్చిన మనిషి బయట బెంచీ మీద కూర్చుంటే చాలన్నాడు స్టాప్‌వాచి. పన్నెండో పేజీ ప్రకారం తోడు వచ్చిన మనిషి పక్కనే కూర్చోవచ్చు, మాట్లాడవచ్చు, ప్రశ్నలు అడగవచ్చు అని నేను గడగడా అప్పజెప్పాను. కుర్చీ లేదన్నాడు. ఇస్త్రీ విభాగం నుంచి ఎత్తు పీట మోసుకొస్తానన్నాను. రాసుకునే ఆవిడ లేచి వెళ్లి పక్క గదిలోంచి కుర్చీ తెచ్చింది. దాని ఒక కాలు పొట్టి. నేను కూర్చోగానే టక్కుమంది. తర్వాత నేను నోరు తెరిచినప్పుడల్లా అది టక్కుమంటూనే ఉంది, నా మాటకు తాళం వేస్తున్నట్టు.

నిజం చెప్పొద్దూ, నాకు భయం లేదు. ఆ గదిలో తప్పు చేసింది వాళ్లని నాకు ఎంత నమ్మకమంటే, అక్క చేతులు చల్లగా ఉండటం కూడా నేను పట్టించుకోలేదు. అక్క అక్కడ సంతకం పెట్టిందంటే దొంగగా బయటికి నడుస్తుంది. ఊళ్లో ఉన్న డ్రైక్లీనింగ్ షాపులన్నీ ఒకరికొకరు ఫోన్లు చేసుకునేవే. ఇంకెవరూ ఆవిడను గుమ్మం ఎక్కనివ్వరు. మరక చూసి అది ఎన్ని రోజుల కిందటిదో చెప్పగలిగే చేతులు ఇంట్లో ఊరికే కూర్చోవాలి. అది నేను జరగనివ్వనని పొద్దున మెట్లు దిగుతూనే ఆవిడతో అన్నాను. ఆవిడ నా జడ సరిచేసి, అక్కడ కాస్త తక్కువ మాట్లాడు అంది. ఎప్పుడూ అనేదే కదా అనుకున్నాను.

ముందు అక్కనే చెప్పమన్నారు. ఆవిడ చెప్పింది. చిప్ప గుండీలున్న బట్టను అలాగే యంత్రంలో వేస్తే బట్టలు శుభ్రం చేసే మందుకు గుండీల మెరుపు పోతుంది, తిరుగుడుకు అంచులు విరుగుతాయి. అందుకని ముందే కోసి తీసేసి, అన్నిటినీ ఒక దారానికి గుచ్చి, ఆ దారానికే ముడులు వేస్తుంది. కోటు నంబరు మూడు వందల యాభై రెండు అయితే మూడు ముడులు, కాస్త ఎడం, అయిదు ముడులు, మళ్లీ ఎడం, రెండు ముడులు. ఆ దండ ఆవిడ ఏప్రన్ జేబులోనే ఉంటుంది. కోటు ఇస్త్రీ అయ్యాక ఆవిడే మళ్లీ కుడుతుంది. చీటీ మీద రాస్తే తడికి చెరిగిపోతుంది, ముడి చెరగదు. ఈ పద్ధతి ఆవిడకు నేర్పిన పెద్దావిడ కూడా అలాగే చేసేదట. అంతకు ముందు గురువారం గుండీలు తీసింది. శుక్ర, శనివారాలు కళ్లడాక్టరు కోసం సెలవు పెట్టింది. సోమవారం వచ్చి కుడదామనుకుంది.

స్టాప్‌వాచి ఓపిగ్గా విని, ఒక ఫొటో మా ముందుకు జరిపాడు. తెల్ల కాగితం మీద ఎనిమిది గుండీలు వరసగా ఉన్నాయి. దారం లేదు, ముడి లేదు. మీరు చెప్పే దండ ఇందులో ఎక్కడుందమ్మా అని అడిగాడు. అడిగిన తీరు ఎంత మెత్తగా ఉందంటే నాకు ఒళ్లు మండింది.

లాకర్ తెరిచినప్పుడు అక్క అక్కడ ఉందా అని అడిగాను. లేదన్నాడు, భోజనానికి వెళ్లిందట. పదిహేడో పేజీలో, లాకర్ యజమాని ఎదుటే, ఇంకో సాక్షి ఉండగానే తెరవాలని ఉందన్నాను. అత్యవసరం అన్నాడు. ఎనిమిది గుండీలు కాళ్లొచ్చి పారిపోతాయా అన్నాను. కుర్చీ టక్కుమంది. రాసుకునే ఆవిడ తల దించుకుంది, పెదవులు బిగించి. తెరిచిన మనిషిని పిలవమన్నాను.

తెరిచింది గార్డు బాబాయి. వచ్చి టోపీ తీసి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. ఆయనకూ మా అక్కకూ పదిహేనేళ్ల పరిచయం. మూడు రోజులుగా గేటు దగ్గర ఆవిడ మొహం చూడలేక చెట్ల వైపు చూస్తున్నాడు. గుండీలు మీ చేతికి వచ్చినప్పుడు ఎలా ఉన్నాయి బాబాయ్ అని అడిగాను. స్టాప్‌వాచి వైపు చూసి నీళ్లు నమిలాడు. అప్పుడు అక్క మొదటిసారి తనంతట తాను మాట్లాడింది.

"మీకేం కాదులెండి. చూసింది చెప్పండి."

"దారానికి ఉన్నాయమ్మా," అన్నాడు ఆయన. "సారు వరసగా పేర్చి ఫొటో తీయమన్నారు. దండగా ఉంటే వరసగా రాలేదు. కత్తిరించాను."

దారం ఏమైందంటే చెత్తబుట్టలో వేశానన్నాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. అంతలో ఆయనే జేబులోంచి ఫోను తీశాడు. ఏ లాకర్ తెరిచినా తెరిచింది తెరిచినట్టు ఒక ఫొటో తీసుకోవడం తనకు అలవాటట, రేపు ఎవరైనా తనను అంటారేమోనని. ఈ మాట సోమవారమే ఎందుకు చెప్పలేదని స్టాప్‌వాచి అడిగాడు. నన్నెవరూ అడగలేదు సార్ అన్నాడు బాబాయి. ఆయన మీద నాకున్న కోపమంతా ఆ ఒక్క ముక్కతో దిగిపోయింది.

ఫోను బల్ల మీద పెట్టారు. ఏప్రన్ జేబు, దాంట్లోంచి సగం బయటికి వచ్చిన దండ, దాని కొస. రాసుకునే ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని వేలు పెట్టి పైకే లెక్కపెట్టింది. మూడు. ఎడం. అయిదు. ఎడం. రెండు. పెద్దమనిషి కోటు ఫిర్యాదు కాగితం తిప్పి చూసింది. మూడు వందల యాభై రెండు. దొంగిలించే మనిషి దొంగసొత్తు మీద యజమాని నంబరు వేసి దాచుకోదు కదండీ అన్నాను. రాసుకునే ఆవిడ ఆ మాట రాసుకుంది. ఆ పెన్ను చప్పుడు వింటుంటే ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

అక్క ఒక పెద్ద ఊపిరి వదిలింది. "గుండీలు ఉన్నాయి. కోటు తెప్పించండి, గంటలో కుట్టి ఇస్తాను. ఆయనకు క్షమాపణ కూడా నేనే చెబుతాను. ఇక వదిలేద్దాం."

వదిలేయడం స్టాప్‌వాచికి కూడా ఇష్టంగానే ఉన్నట్టుంది. ఫైలు మూయబోయాడు. కానీ ఊరికే మూయలేక ఒక మాట అన్నాడు. గుండీలు లేకుండా కోటు గేటు ఎలా దాటిందన్నది మాత్రం తేలలేదు, కాబట్టి దొంగతనం అనుమానం ఫైలులో అనుమానంగానే ఉంటుంది అన్నాడు.

అక్కడ నేను ఊరుకోవలసింది. ఊరుకుంటే వాగుడుకాయ అని పేరెందుకు వస్తుంది? అనుమానం ఫైలులో ఉండటానికి వీల్లేదు, ఉంటే ఉందనాలి, లేకపోతే లేదనాలి అన్నాను. గుండీలు తీసిన కోటుకు అక్క పై కాజాలో ఎర్ర దారం కడుతుంది, ఇది ఇంకా వెళ్లకూడదు అని ఇస్త్రీ వాళ్లకు గుర్తు. ఆ దారం ఉన్నా కోటు వెళ్లిందంటే తప్పు మరకల బల్లది కాదు. కోటుతో వెళ్లిన నంబరు చీటీ చూస్తే తెలిసిపోతుంది, ఇస్త్రీ చేసిన ప్రతి మనిషీ చీటీ మూల తన గుర్తుగా మడుస్తుంది. ఆ చీటీ ఉందా లేదా అని అడిగాను.

బల్ల కింద అక్క నా కాలు తొక్కింది. భయపడుతోంది పాపం అనుకున్నాను. చీటీ ఫిర్యాదుతోపాటే వచ్చిందని రాసుకునే ఆవిడ చెప్పింది. అక్క ఈసారి గట్టిగా తొక్కింది, నా చెప్పు ఊడిపోయింది. అయినా నేను ఆగలేదు. ఏ ఆధారం ఉన్నా చూపించి తీరాలని పద్నాలుగో పేజీ చెబుతోంది, చూపించండి అని చెయ్యి చాపాను.

"వద్దులే," అంది అక్క మెల్లగా.

కవరులోంచి చీటీ జారి నా అరచేతిలో పడింది. పసుప్పచ్చ చీటీ, మూడు వందల యాభై రెండు. కుడి మూల ఒకసారి మడిచి, ఆ మడతనే మళ్లీ మడిచారు. మా ఇస్త్రీ బల్ల దగ్గర నలుగురం ఉన్నాం. ఒకావిడ ఎడమ మూల మడుస్తుంది, ఒకావిడ కింది మూల, ఒకావిడ మడవకుండా చిన్న ముక్క చింపుతుంది. కుడి మూల రెండు మడతలు వేసేది నేను. ఆ మడత నాకు నేర్పింది పక్కన కూర్చున్న మనిషే.

శుక్రవారమంతా ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చింది. మీగడ రంగు కోటు, పై కాజాలో ఎర్ర దారం. ఆవిరి తగిలితే ఎరుపు కారి కోటుకు అంటుకుంటుందని దారం విప్పి వేలికి చుట్టుకున్నాను. ఇస్త్రీ కాగానే మళ్లీ కడదామనే అనుకున్నాను. వెనకాల స్టాప్‌వాచి గడియారం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెళ్లగానే ఆయన బూట్ల చప్పుడు మీద నేనొక జోకు వేశాను. మిగతా ముగ్గురూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వుతూనే మూల మడిచాను, కోటు మీద కవరు దించేశాను. దారం నా వేలికే ఉండిపోయింది. ఆ సాయంత్రం మెట్ల దగ్గర అక్క దాన్ని చూసింది కూడా. ఇదెక్కడిదే అని అడిగింది. ఏదో దారంలే అక్కా అని విప్పి మా పాప పెన్సిళ్ల కట్టకు చుట్టేశాను.

అంటే ఆవిడకు సోమవారం నుంచీ తెలుసు. తెలిసీ మూడు రోజులు నాకు గానీ ఇంట్లో వాళ్లకు గానీ ఒక్క ముక్క చెప్పలేదు. పైగా నన్నే తోడుగా ఎంచుకుంది, పక్కనే ఉంటే నా నోరు అదుపులో పెట్టవచ్చనుకుని ఉంటుంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఎదుటివాళ్ల తప్పు చూపించడానికి రెండు రోజులు పుస్తకం బట్టీ పట్టాను గానీ, మూడు రోజుల్లో ఒక్కసారైనా నా వేలికి చుట్టుకున్న దారం గుర్తు చేసుకోలేదు.

ఈ మడత ఎవరిదని స్టాప్‌వాచి అడిగాడు. నా మొహం చూస్తూనే అడిగాడు, గుర్తుపట్టేసినట్టున్నాడు.

"కుడి మూల ఎవరైనా మడవచ్చు," అంది అక్క. ఇన్నేళ్లలో ఆవిడ అబద్ధమాడగా నేను వినలేదు. అది కూడా సరిగ్గా చేతకాలేదు ఆవిడకు.

స్టాప్‌వాచి కుర్చీలో వెనక్కి వాలాడు. ఒకరు గుండీలు తీయడం, ఇంకొకరు గుర్తు దారం తీసేసి కోటు బయటికి పంపడం, ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కావడం, ఇదంతా విచిత్రంగా లేదా అన్నాడు. ఇద్దరు కలిసి చేశారని రాసుకోమన్నాడు. రాసుకునే ఆవిడ పెన్ను ఎత్తింది గానీ కాగితం మీద ఆనించలేదు.

నేను నోరు మూసుకుంటే అక్క మళ్లీ దొంగ అవుతుంది. తెరిస్తే నా ఉద్యోగం పోతుందేమో. మా ఇంటి అద్దె, పాప బడి, అన్నీ లైనుగా వచ్చి నిలబడ్డాయి. భయమేసింది, దాచడం ఎందుకు. కానీ ఆ భయం కంటే ముందు అక్క చల్లటి చెయ్యి గుర్తొచ్చింది.

"మడత నాది," అన్నాను. "దారం విప్పింది నేను. మళ్లీ కట్టడం మరిచిపోయాను. దొంగతనం కాదు, మరుపు. అక్క ఆ రోజు కార్ఖానాలోనే లేదు, సెలవు కాగితం మీ దగ్గరే ఉంది. ఇద్దరు కలిసి చేశారని ఎలా రాస్తారు?"

శుక్రవారం జరిగిందంతా చెప్పాను, జోకుతో సహా. ఎవరి బూట్ల గురించో మాత్రం చెప్పలేదు. గార్డు బాబాయి టోపీ అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు. అక్క నా వైపు చూడలేదు. బల్ల కింద మాత్రం నా ఊడిన చెప్పును తన కాలితో నా పాదం దగ్గరికి జరిపింది.

స్టాప్‌వాచి సొరుగు లాగి ఒక కాగితం తీశాడు. అదే టైపు, అవే వాక్యాలు, పేరు దగ్గర ఖాళీ. అలాంటివి ఆ సొరుగులో ఇంకా ఉన్నాయి, నాకు అంచులు కనబడ్డాయి. పెన్ను మూత తీసి నా ముందు పెట్టాడు. సంతకం పెడితే ఇద్దరిలో ఒకరి ఉద్యోగమైనా మిగులుతుంది, ఆలోచించుకోండి అన్నాడు.

ఆలోచించాను. అక్క వైపు చూశాను. తర్వాత పెన్నుకు మూత పెట్టి తిరిగి ఇచ్చేశాను.

"నా మీద మోపింది ఏమిటో రాసివ్వండి," అన్నాను. "జవాబుకు మూడు రోజులు ఇవ్వండి. నాకు తోడు కావాలి."

ఎవరు కావాలని ఆయన అడగలేదు. అక్క అప్పటికే లేచింది. నా భుజం తట్టి, లే, అటు జరుగు అంది. నేను లేచి ఆవిడ కుర్చీలోకి మారాను. ఆవిడ పొట్టికాలు కుర్చీలో కూర్చుంది. అది టక్కుమంది.

ఆరోపణ ఉన్న మనిషి ఇంకొకరికి తోడుగా కూర్చోవడానికి మీ పుస్తకమే ఒప్పుకోదు అన్నాడు స్టాప్‌వాచి. మొదటిసారి ఆయన నోట పుస్తకం మాట వచ్చింది.

"ఒప్పుకోదు. పదమూడో పేజీ," అంది అక్క. "అందుకని నా మీద ఏమీ లేదని ముందు రాసివ్వండి. రాసేదాకా ఇక్కడే కూర్చుంటాను. మూడు రోజుల తర్వాత మీరు కూడా ఒక కాగితం తెచ్చిపెట్టాలి."

ఏం కాగితమని ఆయన అడిగాడు.

"ఇస్త్రీ అయిన ప్రతి కోటునూ ఆఖరున తిప్పి చూసే తనిఖీ బల్ల మనకు ఉండేది. అది ఉంటే గుండీలు లేని కోటు గేటు దాటేది కాదు. పోయిన నెల దాన్ని ఎత్తేశారు. ఎత్తేయమన్న ఉత్తర్వు మీద సంతకం ఎవరిదో మా చెల్లెలు చూస్తుంది. ఏ ఆధారం ఉన్నా చూపించి తీరాలి కదా."

మూత పెట్టిన పెన్ను స్టాప్‌వాచి చేతిలో అలాగే ఆగిపోయింది. రాసుకునే ఆవిడ కొత్త కాగితం తీసి తారీఖు వేసింది. అక్క పేరు రాసి, దాని కింద గీత గీసి, ఏం రాయమంటారు సార్ అన్నట్టు ఆయన మొహంలోకి చూసింది.